మిగిలిన దారంతో అల్లిన తొడుగు

నరసాపురం,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మలూ,

నిన్న వీడియో కాల్‌లో నీ వంటింటి గట్టు చూశాను. తేనె సీసా, జామ్ సీసా, రెండు కాఫీ సీసాలు ఖాళీగా వరసన ఉన్నాయి. "పారేద్దామనే పెట్టానమ్మా" అన్నావు. మళ్ళీ ఆ నోటితోనే, లేసు తొడుగు వేసిన సీసా ఒకటి ఆన్‌లైన్‌లో 450 రూపాయలకు ఉంది, కొననా అని అడిగావు. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. పార్సిల్‌లో మూడు తొడుగులు పెట్టాను, చూసుకో.

ముందు సీసాల సంగతి. మరిగే నీళ్ళు ఒక్కసారిగా పోయకు, పగిలిపోతాయి. గోరువెచ్చటి నీళ్ళలో గంటసేపు నానితే కాగితం ఊడొస్తుంది. జిగురు మాత్రం మొండిది. కొబ్బరినూనెలో వంటసోడా కలిపి రాసి, కాసేపాగి పీచుతో తోము. సీసా వాసన ఎండకి పోతుంది కానీ మూత వాసన అంత తేలిగ్గా పోదు. ఒకసారి పచ్చడి సీసాలో నేను కాఫీపొడి పోస్తే, మీ నాన్న వారం రోజులు వెల్లుల్లి కాఫీ తాగారు, నోరెత్తకుండా! ఆవకాయ మాత్రం వీటిలో పెట్టకు. ఉప్పుకీ పులుపుకీ రేకు మూత తుప్పు పట్టేస్తుంది. దానికి జాడీయే.

తొడుగు వట్టి సోకనుకోకు. పసుపు, కారం వెలుతురు తగిలితే వెలిసిపోతాయి, నీ అలమరేమో కిటికీ పక్కనే. అందుకే ఒకటి దగ్గర దగ్గరగా అల్లాను, అది కారం సీసాకి. కన్నాల డిజైనుది పప్పులకి. రెండూ నూలు దారమే. మెడ దగ్గర తాడు దూర్చాను, విప్పి ఉతుక్కోవచ్చు. లోపల దీపం పెట్టే సీసాకి మాత్రం ఇవి తొడగకు.

నువ్వూ అల్లచ్చు. ఆరు గొలుసు కుట్లు వేసి గుండ్రంగా కలుపు. అందులో 12 పొడుగు కుట్లు, పై వరసకి 24, ఆ పైన 36. సీసా అడుగంత చక్రం అయ్యాక పెంచడం ఆపెయ్యి. అక్కణ్ణుంచి లెక్క మార్చకుండా అల్లుకుంటూ పోతే అదే పైకి లేస్తుంది.

మన వైపు ఈ పని 1844 ప్రాంతంలో మిషనరీలు నేర్పారని చెప్తారు. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు మన ప్రాంతంలో అల్లినదానికే చెల్లుతుందనే గుర్తింపు, వచ్చిందంటే నాకూ గొప్పగానే అనిపించింది. కానీ మీ అమ్మమ్మ అల్లినన్నాళ్ళూ ఏజెంటు దారం ఇచ్చేవాడు, కండెకింతని కూలి. కళ్ళు లాగేదాకా అల్లినా ఉప్పూ పప్పుకే సరిపోయేది. "ఇంట్లో కూర్చుని ఊరికే అల్లుకుంటారు" అనేవాళ్ళు జనం. ఊరికే అట! మాసిపోతుందని చేతులు కడుక్కోనిదే నన్ను ముట్టనిచ్చేది కాదు. అదంతా ఓడలెక్కి ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుచుకుందో. మా ఇంట్లో మాత్రం ఒక్క ముక్క ఉండేది కాదు. నువ్వు చూసిన 450 ఎక్కువేం కాదే, నిజానికి. అల్లినామె చేతికి అందులో ఎంత వెళ్తుందన్నదే నా అనుమానం.

తనకోసం మా అమ్మ అల్లుకున్నది ఒక్కటే. మిగిలిన దారం ముక్కలు ముడేసి, పంచదార పోసుకునే హార్లిక్స్ సీసాకి. ముడులన్నీ లోపలివైపు దాచింది. సీసా ఎప్పుడో పగిలింది, తొడుగు నా బీరువాలో ఉండిపోయింది.

పార్సిల్‌లో పసుపురంగుకి తిరిగిన మూడోది అదే. నీ తేనె సీసాకి వదులైతే తాడు బిగించు. మెషిన్‌లో వెయ్యకు, సబ్బునీళ్ళలో చేత్తో జాడించు. అల్లే కొక్కెం సూదీ, ఒక దారం ఉండా కూడా పెట్టాను. అడుగు చక్రం అల్లి ఫొటో పంపు, లెక్క ఎక్కడ తప్పిందో చెప్తాను.

అమ్మ