సగం వదులైన రెండు బోల్టుల దగ్గర నన్ను ఆపినవారికి కృతజ్ఞతలు

మా నాన్నగారి మోటార్ సైకిల్ ఈ రోజు పొద్దున మళ్లీ తన పాత గొంతుతో పలికింది. ఆ శబ్దం విన్న వెంటనే కూర్చుని ఇది రాస్తున్నాను. సాయం చేసిన ముగ్గురూ తమ పేర్లు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే ఎవరి మాట ఎక్కడుందో వారికే తెలుస్తుంది.

రెండు నెలలుగా ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు సిలిండర్ పక్క నుంచి ఒక చప్పుడు వచ్చేది, డబ్బాలో గింజలు పోసి కదిపినట్టు. యాక్సిలరేటర్ తిప్పితే తగ్గేది, వదలగానే మళ్లీ మొదలయ్యేది. వాల్వులను నొక్కే ట్యాపెట్లు వదులయ్యాయని ఒకరు, పిస్టన్ అరిగిందని మరొకరు అన్నారు. ఇంజిన్ మొత్తం విప్పించమన్నవారూ ఉన్నారు. నాన్నగారు ఇన్నేళ్లు కన్నబిడ్డలా చూసుకున్న ఇంజిన్ అది. విప్పించడానికి నాకు చేతులు రాలేదు.

మొదటి నమస్కారం ఆటోమొబైల్ పాఠాలు చెప్పే మేడమ్‌గారికి. నేను రికార్డు చేసి పంపిన చప్పుడు విని ఆవిడ వెంటనే తీర్పు చెప్పలేదు. ముందు ఆయిల్ మట్టం చూడమన్నారు. అది సరిగానే ఉంది. తర్వాత పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్ మీద ఒక్కొక్క చోట ఆనించి, పిడిని చెవికి చేర్చి వినమన్నారు. ట్యాపెట్ల చప్పుడైతే పైన హెడ్ దగ్గర టకటకమని ఒకే లయలో ఉంటుందట. పిస్టన్‌దైతే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఎక్కువగా ఉండి, వేడెక్కేకొద్దీ తగ్గుతుందట. టైమింగ్ చైన్ చప్పుడు మాత్రం సిలిండర్ పక్కన, చైన్ దిగే గది పొడవునా గరగరమంటుందనీ, యాక్సిలరేటర్ వదిలిన క్షణంలో బాగా బయటపడుతుందనీ చెప్పారు. విన్నాను. నాది మూడోది. రెండు నెలల అనుమానం పది నిమిషాల్లో తీరింది.

ఆ చప్పుడును తేలికగా తీసుకోవద్దని కూడా ఆవిడే చెప్పారు. పిస్టన్ తిప్పే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది ఈ చైనే. క్యామ్‌షాఫ్ట్ మీది పళ్ల చక్రానికి, అంటే క్యామ్ స్ప్రాకెట్‌కు, 32 పళ్లున్నాయనుకుంటే, చైన్ ఒక్క పన్ను జారినా క్యామ్ 11.25 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 22.5 డిగ్రీలు తేడా వస్తుంది. ఇంకా ఎక్కువ జారితే, మూసుకోవలసిన సమయానికి తెరిచే ఉన్న వాల్వును పిస్టన్ వచ్చి కొట్టవచ్చు.

ఇక రెండో మాట. ఇది రాయడానికే అసలు కూర్చున్నాను. ఈ చైన్‌ను బిగువుగా ఉంచే భాగం టెన్షనర్. దాన్ని నేనే సరిచేద్దామని సిలిండర్ వెనుక దాన్ని పట్టి ఉంచే రెండు బోల్టులను స్పానర్‌తో సగం వరకు వదులు చేశాను. బిగింపు సరిచూసే మర ఎక్కడో ఉంటుందని వెతికాను. కనబడలేదు. సరే, మళ్లీ బిగించేద్దామనుకుంటూ, ఎందుకో ఒకసారి అడిగి చూద్దామని, తెలిసినవారిచ్చిన నంబరు పట్టుకుని పెద్దాయనకు ఫోను చేశాను. జీవితమంతా మెకానిక్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. నేను చెప్పిందంతా ఓపికగా విని ఒకటే అడిగారు: "బాబూ, బోల్టులు పూర్తిగా తీశావా, సగంలో ఉన్నాయా?" సగంలో ఉన్నాయన్నాను. "అయితే స్పానర్ కింద పెట్టు. ఇప్పుడు బిగించావంటే ఇంజిన్ పాడవుతుంది" అన్నారు.

ఎందుకో అప్పుడు వివరించారు. నా బండిది దానంతట అదే సర్దుకునే టెన్షనర్. లోపలి స్ప్రింగు ఒక కడ్డీని ఎప్పుడూ ముందుకు నెడుతూ, చైన్ పక్కనున్న గైడును అదిమి ఉంచుతుంది. కడ్డీ ముందుకు వెళ్లగలదే గాని ఎదురు నెడితే వెనక్కి రాదు. బోల్టులు వదులు చేసినప్పుడు టెన్షనర్ ఒంటితో సహా బయటికి జరుగుతుంది, ఆ ఖాళీ మేరకు కడ్డీ చైన్ వైపు ఇంకా ముందుకు సాగుతుంది. అలాగే బిగిస్తే సాగిన కడ్డీ గైడు మీద పడి, చైన్ వింటినారిలా బిగుసుకుంటుంది. గైడు విరగవచ్చు, బోల్టు దూరే టెన్షనర్ చెవి పగలవచ్చు, చైన్ త్వరగా అరిగిపోతుంది. చేతితో సర్దే రకం ఇంజిన్లు వేరే ఉన్నాయి. వాటికి లాక్ నట్టు, సర్దే బోల్టు బయటే కనిపిస్తాయి. ఆ పద్ధతిని ఈ రకం మీద ప్రయోగించడం వల్లే చాలా ఇంజిన్లు దెబ్బతింటాయని ఆయన బాధగా చెప్పారు.

ఆ సాయంత్రం గంటన్నర సేపు ఆయన ఫోనులోనే ఉన్నారు. మ్యాగ్నెట్ కవర్ మీది మూతలు తీయించి, ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలోనే స్పానర్‌తో తిప్పిస్తూ, పిస్టన్ పైకి చేరిందని చూపే ఫ్లైవీల్ మీది టీ గుర్తును గీతకు ఎదురుగా తెప్పించారు. పిస్టన్ కంప్రెషన్‌లో, అంటే వాల్వులు రెండూ మూసి ఉండగా, పైకి వచ్చిందో లేదో తేల్చుకోవడానికి వాల్వులను నొక్కే మీటలు, అంటే రాకర్లు, రెండూ కొద్దిగా ఆడుతున్నాయా అని చూడమన్నారు. టెన్షనర్ బయట ఉన్నంతసేపూ క్రాంక్‌ను ఒక్క డిగ్రీ కూడా కదపవద్దని మూడుసార్లు చెప్పారు. తర్వాత టెన్షనర్ చివరి చిన్న బోల్టు తీసి, సన్నటి స్క్రూడ్రైవర్‌తో లోపలి మరను గడియారపు ముళ్లు తిరిగే దిశలో తిప్పి కడ్డీని వెనక్కి రప్పించాకే రెండు బోల్టులూ పూర్తిగా తీయించారు.

చేతిలోకి వచ్చిన టెన్షనర్‌లో కడ్డీని బొటనవేలితో నొక్కమన్నారు. అది మెత్తగా లోపలికి వెళ్లిపోయింది. మంచిదైతే వెళ్లకూడదు. రోగం అక్కడే ఉంది.

కొత్త టెన్షనర్, కొత్త గాస్కెట్ తెచ్చాక మూడో సాయం అందింది. బిగించేటప్పుడు కడ్డీని వెనక్కి పట్టి ఉంచడానికి పలుచటి ఇనుప రేకుతో చిన్న తాళంలాంటి ముక్క కావాలి. దాన్ని కత్తిరించి, అరగదీసి, నా చేతిలో పెట్టిన తమ్ముడికి ప్రత్యేకంగా ధన్యవాదాలు. అది లేకుంటే నాకు మూడో చెయ్యి కావలసి వచ్చేది.

బోల్టులు బిగించి ఆ రేకు తాళం తీయగానే కడ్డీ టక్కున వెళ్లి గైడును తాకింది. వెంటనే స్టార్ట్ చేయనివ్వలేదు పెద్దాయన. చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పించారు, ఎక్కడా తగలడం లేదని నిర్ధారించుకున్నారు, టీ గుర్తు దగ్గర క్యామ్ స్ప్రాకెట్ గీతలు హెడ్ అంచుకు సమాంతరంగా ఉన్నాయని నాతో పలికించుకున్నారు. అప్పుడే బండి తీయమన్నారు.

ఆయనకు నేను చేయగలిగింది చాలా తక్కువ. డబ్బు మాట ఎత్తితే ఫోను పెట్టేస్తానన్నారు. అందుకే పెద్దాయనా, మీరు నాకు నేర్పిన క్రమాన్ని ఇక్కడ వీలైనంత వివరంగా రాశాను. బోల్టులు సగం వదులు చేసి ఆగిపోయినవారు ఎవరైనా దీన్ని చదివితే, స్పానర్ కింద పెట్టాలని కోరుకుంటున్నాను.

పొద్దున ఇంజిన్ శబ్దం మళ్లీ రికార్డు చేసి ఆయనకు పంపాను. చైన్ చప్పుడు పూర్తిగా పోయిందన్నారు. ఇన్నాళ్లూ దాని కింద దాగిన ట్యాపెట్ చప్పుడు ఇప్పుడు కొంచెం వినిపిస్తోందట. ఇంజిన్ బాగా చల్లారాక వాల్వుల గ్యాపు చూడాలి, మొదలుపెట్టే ముందు ఫోను చేయమన్నారు. ఆదివారం చేస్తాను పెద్దాయనా.