నాన్నకి, కౌంటర్ ఇవతల నుంచి

ఒహాయో,
జనవరి 18, 2026

నాన్నకి నమస్కారాలు.

మొన్న ఆదివారం ఫోన్లో మీరు అడిగిన మాట వారమంతా నా మనసులోనే ఉంది. "బయటి నుంచి వచ్చినవాళ్ల కాగితాలు చూసి పట్టించే ఉద్యోగమటగా, నిజమేనా అమ్మా?" అన్నారు. ఇంతలో పిల్లలు గోల చేశారు, ఫోను అమ్మ చేతికి వెళ్లిపోయింది. ఫోన్లో చెబితే సగం మీకు వినపడదు, మిగతా సగం నేనే మింగేస్తాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను చేసేది కౌంటీ ఆఫీసులో. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, ఈ రాష్ట్రంలో 88 ఉన్నాయి. తిండికి ఇబ్బంది పడేవాళ్లకి స్నాప్ అనే కార్డు ఇస్తారు, పాతవాళ్లు ఇప్పటికీ ఫుడ్ స్టాంపులనే అంటారు. వైద్యం ఖర్చులకి మెడికెయిడ్ అనే ప్రభుత్వ సాయం ఉంది. ఆ దరఖాస్తులు నా దగ్గరికి వస్తాయి. ఆదాయమెంత, అద్దె ఎంత, ఇంట్లో ఎంతమంది, ఇవన్నీ చూస్తాను. ఇక్కడి పౌరులు కానివాళ్లు తమ కోసం సాయం అడిగితే వాళ్లు ఏ హోదాలో ఉన్నారో కూడా సరిచూడాలి. దానికి సేవ్ అని ఒక కంప్యూటర్ వ్యవస్థ ఉంది, 1986లో వచ్చిన చట్టం వల్ల పెట్టారు, ఇమిగ్రేషన్ శాఖ నడుపుతుంది. గ్రీన్‌కార్డు మీద ఉండే, 'ఎ-నంబర్' అని పిలిచే గుర్తింపు సంఖ్యో, దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఐ-94 నంబరో, దానితో పాటు పేరు, పుట్టిన తేదీ కొడితే కొన్ని సెకన్లలో జవాబు వస్తుంది. ఈ మనిషి హోదా ఏమిటి, ఎప్పటి నుంచి ఉంది అన్నంత వరకే అది చెబుతుంది. సాయానికి అర్హత ఉందా లేదా అన్నది రూల్స్ పెట్టుకుని మేం తేల్చాలి.

చాలామందికి ఆ మొదటి జవాబుతోనే పని అయిపోతుంది. వివరాలు కలవనప్పుడు మాత్రం మరింత పరిశీలన కావాలని వస్తుంది. అప్పుడు రెండో మెట్టుకి పంపాలి. కార్డు రెండు వైపులా స్కాన్ చేసి పెడితే అక్కడ ఒక మనిషి కూర్చుని పాత రికార్డులు వెతుకుతారు. ఒక్కోసారి రోజుల్లో తేలుతుంది, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఈ లోపల మనం కాదని రాసేయకూడదు. స్నాప్‌లో అయితే కాగితాలు ఇచ్చి జవాబు కోసం ఆగుతున్నవాళ్లకి మిగతా అర్హతలుంటే సాయం మొదలుపెట్టాలి. మెడికెయిడ్‌లో హోదా రుజువు చేసుకోవడానికి 90 రోజుల గడువిచ్చి, ఆ గడువులో వైద్యం ఆపకూడదు. నా దృష్టిలో ఈ ఉద్యోగంలో ముఖ్యమైన రూల్ ఇదే నాన్నా. పని ఒత్తిడిలో మొదట మర్చిపోయేది కూడా దీన్నే.

నవంబరులో ఒక తెలుగు పెద్దావిడ కోడలిని వెంటబెట్టుకుని వచ్చారు. గ్రీన్‌కార్డు వచ్చి ఆరేళ్లు దాటింది. కొడుకు ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. కోడలు నింపిన దరఖాస్తులో ఉన్నది ఉన్నట్టు కొట్టాను, రికార్డు దొరకలేదు. ఆవిడ ముఖం పాలిపోయింది. కార్డు చేతిలోకి తీసుకుని చూస్తే సంగతి అర్థమైంది. మన పాస్‌పోర్టులో ఇంటిపేరుకి ఒక గడి, పేరుకి ఒక గడి ఉంటాయి కదా. ఆవిడ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, మొత్తం పేరు రెండో గడిలోనే ఉంది. అలాంటప్పుడు అమెరికా వీసాలో ఆ మొత్తాన్నీ ఇంటిపేరు కింద వేసి, పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని రాస్తారు. 'మొదటి పేరు తెలియదు' అని దాని అర్థం. అదే గ్రీన్‌కార్డు మీదికీ వచ్చింది. పుట్టిన తేదీ కూడా అంతే. కోడలు అసలు తేదీ రాసింది, కార్డు మీద జూలై 1 ఉంది. బడిలో చేర్చినప్పుడు హెడ్మాస్టరు గారు వేసిన తేదీ అని ఆవిడే చెప్పారు. మన అమ్మ తేదీ కూడా అలా వచ్చిందే కదా!

దరఖాస్తు చూసి కొట్టే ముందు కార్డు చూడాల్సింది, అది నా పొరపాటే. కార్డులో ఉన్నట్టు మళ్లీ కొట్టినా మరింత పరిశీలన కావాలనే వచ్చింది. స్కాన్ చేసి రెండో మెట్టుకి పంపాను. తొమ్మిది రోజులకి జవాబు వచ్చింది, అంతా సరిగ్గానే ఉందని. ఈలోగా వాళ్ల స్నాప్ కార్డు ఆగలేదు. ఆ రోజు వెళ్లేటప్పుడు ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, "నాకు పేరుంది తల్లీ, ఎందుకలా రాశారు?" అన్నారు. నాకు మాట రాలేదు.

మీకు ఎప్పుడూ చెప్పలేదు కానీ, నేనూ కౌంటర్‌కి అవతల నిలబడ్డదాన్నే. ఉద్యోగం వీసా మీద ఉన్నవాళ్ల భార్యలకిచ్చే హెచ్‌4 వీసా పొడిగించిన కొత్తలో డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్‌కి వెళ్తే, వెరిఫై కాలేదు, ఇంటికెళ్లండి, కబురొస్తుంది అన్నారు. లైసెన్సులకి కూడా ఇదే సేవ్‌లో చూస్తారు. ఐదు వారాలు కారు తీయలేదు. చంటిదాన్ని టీకాకి మంచులో స్ట్రోలర్‌లో తోసుకుంటూ తీసుకెళ్లాను. తప్పేమీ చేయకపోయినా ఏదో చేసినట్టు ఒక టెన్షన్. ఆ రోజు ఎవరైనా ఇంకో మెట్టు ఉందని, కేసు నంబరుతో ఎక్కడిదాకా వచ్చిందో నువ్వే ఆన్‌లైన్లో చూసుకోవచ్చని చెప్పి ఉంటే నాకు అన్ని రాత్రులు నిద్ర పట్టకుండా ఉండేది కాదు. అందుకే ఇప్పుడు నేను ఆ నంబరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిస్తాను.

అందరికీ ఔనని చెప్పగలుగుతున్నానని అనుకోకండి. 1996లో వచ్చిన చట్టం ప్రకారం గ్రీన్‌కార్డు వచ్చిన పెద్దవాళ్లలో చాలామంది ఐదేళ్లు ఆగాలి. పిల్లల్ని చూసుకోవడానికి వచ్చి రెండేళ్లకే జబ్బున పడ్డ ఒక పెద్దాయనకి మెడికెయిడ్ లేదని నేనే చెప్పాల్సి వచ్చింది. ప్రాణం మీదికి వస్తే ఎమర్జెన్సీ మెడికెయిడ్ ఉంటుందని, ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే క్లినిక్కులున్నాయని చెప్పి చిరునామాలు రాసిచ్చాను. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకైతే స్నాప్‌లో ఆ ఐదేళ్ల షరతు లేదు. పోయిన ఏడాది జూలై 4న కొత్త చట్టం వచ్చాక శరణార్థులకి గ్రీన్‌కార్డు చేతికి వచ్చేదాకా స్నాప్ లేకుండా పోయింది. అంతకుముందు వచ్చిన రోజు నుంచే ఉండేది. ఈ అక్టోబరు 1 నుంచి మెడికెయిడ్‌లోనూ అలాంటి మార్పే వస్తుంది. యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కుటుంబానికి "మీ స్నాప్ ఆగిపోతుంది" అనే ఉత్తరం నా చేతి మీదుగా వెళ్లింది. ఆ చట్టం సరైనదని నేను అనుకోవడం లేదు. అయినా లేని అర్హత ఉందని రాయలేను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఇక మీరడిగిన దానికి వస్తాను. ఒక తల్లి తన కోసం ఏమీ అడగకుండా, ఇక్కడే పుట్టిన పిల్లల కోసమే దరఖాస్తు పెడితే ఆమె హోదా నేను అడగకూడదు. పిల్లల వివరాలు, ఇంటి ఆదాయం చాలు. ఈ సంగతి తెలియక భయపడి ఇంట్లోనే ఉండిపోయే తల్లులు చాలామంది. వచ్చిన ప్రతి తల్లికీ ముందు ఈ ముక్క చెప్పి, ఆ తర్వాతే ఫారం తెరుస్తాను. సేవ్‌కి పంపిన వివరాలతో క్రిమినల్ కాని మామూలు ఇమిగ్రేషన్ కేసులు పెట్టకూడదని ఆ 1986 చట్టంలోనే రాసి ఉంది. కానీ పోయిన ఏడాది మెడికెయిడ్ వివరాలు ఇమిగ్రేషన్ శాఖ చేతికి ఇచ్చారని బయటపడి, చాలా రాష్ట్రాలు కోర్టుకి వెళ్లాయి. ఇదివరకు, "ఏమీ కాదు, భయపడకండి" అని గట్టిగా చెప్పేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేకపోతున్నాను నాన్నా. రూల్ ఇదీ, జరుగుతున్నది ఇదీ అని రెండూ చెప్పి, ఉచితంగా సలహా ఇచ్చే లాయర్ల దగ్గరికి వెళ్లమంటున్నాను. మీ అమ్మాయి ఎవరినీ పట్టించడం లేదు. అలా అన్నవాళ్లకి ఈ ఉత్తరం చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు.

మీరు తహసీల్దారు ఆఫీసులో ఉన్నప్పుడు ఒక పాత నోటుబుక్కులో, వెనక్కి పంపిన ప్రతి మనిషి పేరు పక్కన ఏ కాగితం తక్కువైందో రాసుకునేవారు. మళ్లీ వచ్చినప్పుడు వాళ్లని మొదటి నుంచి అడగకుండా ఉండటానికి. నా బల్ల సొరుగులోనూ అలాంటిదొకటి ఉంది.

ఒక పని మాత్రం మర్చిపోకండి. అమ్మ పాస్‌పోర్టు రెన్యువల్ ఫారం పంపే ముందు నాకు ఫొటో పెట్టండి. ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు. ఆధార్‌లో, పాత పాస్‌పోర్టులో ఉన్న తేదీలు రెండూ ఒకటేనా చూడండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయిద్దాం. మిమ్మల్నిద్దరినీ పిలిపించుకునేటప్పుడు ఏ కౌంటర్ దగ్గరా అమ్మ పేరు తెలియదని ఎవరూ రాయకూడదు.

మీ పెద్దమ్మాయి