లెక్కల పుస్తకం విప్పి చూపించిన వాళ్లకు

రేపు సోమవారం. మా పెద్దల పగటి సంరక్షణ కేంద్రం ఎప్పట్లాగే ఉదయం తొమ్మిదింటికి తెరుస్తాం. ఆర్నెల్ల కిందట ఈ మాట ఇంత ధీమాగా రాయగలిగేవాణ్ని కాదు. అప్పటికే నా సొరుగులో ఒక ఉత్తరం రాసిపెట్టి ఉంది. "వచ్చే నెల నుంచి సేవలు నిలిపివేస్తున్నాం, దయచేసి వేరే ఏర్పాట్లు చూసుకోగలరు" అని. ఆ వేరే ఏర్పాట్లు ఎక్కడున్నాయో నాకే తెలీదు, ఇంక ఆ పెద్దవాళ్ల పిల్లలకి ఏం తెలుస్తుంది? ఆ ఉత్తరం పోస్టు చెయ్యకుండా ఆపినవాళ్లకి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలనుకున్నాను. పేర్లు వద్దన్నారు. సరే, చేసిన పనులే చెబుతాను, ఎవరో మీరే పోల్చుకోండి.

మూడేళ్లుగా మాకు నిధులిస్తున్న దాత ఒకరు తమ ప్రాధాన్యాలు మార్చుకున్నారు. అది వాళ్ల ఇష్టం, కాదనను. రెండు వాక్యాల మెయిల్‌తో సరిపెట్టకుండా ఉంటే బాగుండేదంతే. సరిగ్గా అప్పుడే దివ్యాంగ పిల్లల బడికీ, రాత్రి ఆశ్రయానికీ, మహిళల సలహా కేంద్రానికీ, మంచం పట్టిన రోగుల్ని ఇంటికెళ్లి చూసుకునే నర్సుల బృందానికీ ఎవరి బెంగ వాళ్లకుంది. ఒకరిది ఒకరికి తెలీదు. ఎలా తెలుస్తుంది? ఒకే దాతకి ఒకే నెలలో దరఖాస్తులు పెట్టుకునేవాళ్లం కదా. ఎదురుపడితే నవ్వుతూ పలకరించుకుంటాం, ప్రతిపాదన మాత్రం పరీక్ష హాల్లో పిల్లల్లాగా చెయ్యి అడ్డం పెట్టుకుని రాసుకుంటాం.

మొదట ఫోన్ చేసింది నర్సుల బృందం నడిపే అక్క.

"తమ్ముడూ, నీ దగ్గరున్న డబ్బు ఎన్నాళ్లొస్తుంది? నిజం చెప్పు."

"నలభై రోజులు అక్కా."

"మాకు డెబ్బై. రా, కూర్చుందాం."

ఆ రోజు ఐదు సంస్థల వాళ్లం ఒక బల్ల చుట్టూ కూర్చున్నాం. అక్క ఏమీ మాట్లాడకుండా తన లెక్కల పుస్తకం మధ్యలో పెట్టి చివరి పేజీ తిప్పింది. లోటు దగ్గర పెన్సిల్‌తో గుండ్రంగా గీసి ఉంది, రెండుసార్లు చెరిపి మళ్లీ వేసిన అంకెలు. కాసేపు ఎవరం నోరు మెదపలేదు. తర్వాత బడి హెడ్మాస్టారు సంచిలోంచి తన ఫైలు తీశారు. (వెంట తెచ్చుకున్నారంటే, ఆయన కూడా ఎవరైనా మొదలుపెడితే బాగుండునని వచ్చినట్టే.) మాకు చేసిన సాయాల్లో పెద్దది ఏదంటే నేను డబ్బు పేరు చెప్పను. ఆ పేజీ తిప్పడమే చెబుతాను.

పుస్తకాలు పక్కపక్కన పెట్టేసరికి విషయాలు వాటంతటవే బయటపడ్డాయి. మా వ్యాను ఉదయం పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా నీడలో ఊరికే నిలబడి ఉంటోంది. అదే వేళకి బడివాళ్లు అద్దె బండి పెట్టుకుంటున్నారు. రెండింటికీ కలిపి ఒక పట్టిక వేసేశాం, తెగ సంబరపడ్డాం. తీరా డ్రైవరుకి చూపిస్తే, "చక్రాల కుర్చీలు కట్టే బెల్టులు విప్పి పిల్లల సీట్లు బిగించడానికి పావుగంట పడుతుంది సార్, అది ఎవరు రాశారు ఇందులో?" అన్నాడు. ఎవరూ రాయలేదు. ముందే అడగాల్సిన మనిషిని ఆఖర్న అడిగాం. ఇప్పుడు నడుస్తున్న పట్టిక అతను వేసిందే.

అకౌంటెంటు ఐదుగురికీ ఒక్కరే, ఎవరి ఆడిట్ వాళ్లదే. ఇది పెద్ద చర్చ లేకుండా తేలిపోయింది.

చర్చంతా ఉమ్మడి రిజిస్టరు దగ్గర నడిచింది. సాయం కోసం వచ్చిన మనిషి ఐదు గుమ్మాల్లో ఐదుసార్లు తన కష్టం చెప్పుకునే పని లేకుండా, వివరాలన్నీ ఒకేచోట రాద్దామన్నాను నేను. సలహా కేంద్రం మేడమ్ ససేమిరా అన్నారు. తన దగ్గరికొచ్చే ఆడవాళ్లలో కొందరు ఇంట్లోవాళ్లకి తెలీకుండా వస్తారు, పేరు బయటికి పొక్కితే ప్రాణం మీదికి వస్తుంది. నాకు విసుగొచ్చింది, ఒప్పుకుంటున్నాను. మా మీటింగుల మినిట్స్ రాసే రిటైర్డ్ లెక్చరర్ గారు అప్పుడు కలగజేసుకున్నారు. 1869లో లండన్లో చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ మొదలైంది కూడా ఇలాంటి ఉద్దేశంతోనేనట. దాతృత్వ సంస్థల మధ్య సమన్వయం ఉండాలి, ఒకే సాయం రెండుసార్లు పోకూడదు. అది కాస్తా పేదల్లో ఎవరు అర్హులు, ఎవరు అనర్హులు అని ఇళ్లకెళ్లి ఆరా తీసేదాకా వెళ్లింది. "మన రిజిస్టరు ఎవరి కోసం? వాళ్ల కోసమా, మన కోసమా?" అన్నారాయన. చివరికి ఒక్క కాగితం మిగిలింది. పేరు, ఫోను, కావలసిన సాయం, ఎవరెవరికి చెప్పొచ్చో ఆ మనిషే టిక్కు పెట్టి సంతకం చేస్తారు. సలహా కేంద్రం పేర్లు అసలు అందులోకి రావు. మేడమ్, ఆ రోజు మీరు గట్టిగా నిలబడినందుకు ఇప్పుడు దండం పెడుతున్నాను.

విరాళాలకి ఉమ్మడిగా విజ్ఞప్తి చేద్దామన్నదీ ఆ లెక్చరర్ గారే. 1887లో అమెరికాలోని డెన్వర్లో మతపెద్దలు, ఫ్రాన్సిస్ వైజ్‌బార్ట్ జేకబ్స్ అనే సేవా కార్యకర్త కలిసి పలు సంస్థల కోసం ఒకే నిధి సేకరణ మొదలుపెట్టారు, 1913లో క్లీవ్‌లాండ్ నగరం ఆ బాట పట్టింది, ఎన్నో సంస్థలకి కలిపి విరాళాలు పోగుచేసే యునైటెడ్ వే వెనక ఉన్న కథ ఇదీ అని చెప్పారు. మేమూ ఐదుగురి సంతకాలతో ఒకే విజ్ఞప్తి పంపాం. ఒక దాత మాత్రం, "అయితే అందరూ ఒకే సంస్థ అయిపోవచ్చుగా?" అన్నారు. కుదరదండీ. పెద్దవాళ్లని చూసుకునే చెయ్యి వేరు, రాత్రి పన్నెండింటికి తలుపు తీసే చెయ్యి వేరు.

ఒప్పందం రెండు పేజీలే. ఫీజు ముట్టుకోకుండా రాసిపెట్టిన లాయరు గారు, మేం వద్దంటున్నా వినకుండా, విడిపోవాలంటే మూడు నెలల ముందు చెప్పాలన్న షరతుతోనే మొదలుపెట్టారు. ఉమ్మడి పనులకి ఒకమ్మాయి ఒక పూట వచ్చి వెళుతుంది. ఆమె జీతంలో ఎవరి బడ్జెట్‌ని బట్టి వాళ్ల వాటా, ఓటు మాత్రం అందరికీ ఒకటే, ఒక్కరు కాదన్నా పని ఆగుతుంది. రాత్రి ఆశ్రయం వాటా అన్నిటికన్నా చిన్నది, అయినా దాన్ని నడిపే బాబాయ్ కాదంటే ఆగాల్సిందే. ఆయన ఇప్పటికే రెండుసార్లు ఆపారు కూడా!

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. శనివారాలు కేంద్రం మూసేశాం. ఒక నెల జీతాలు ఆలస్యమయ్యాయి. ఆ నెలలో మా ఆయాలు ఇద్దరూ ఒక్క రోజు కూడా మానలేదు. వాళ్లకి చెప్పాల్సింది ఇక్కడ కాదు, ఎదురుగా నిలబడి చెప్పాను.

శుక్రవారం మళ్లీ కూర్చుంటున్నాం. ఈసారి డ్రైవరు మొదటి నుంచీ ఉంటాడు. అన్నట్టు అక్కా, పోయిన మీటింగులో మీ తాళాల గుత్తి మా బల్ల మీదే ఉండిపోయింది. రేపు పదింటికి వ్యాను అటే వస్తుంది, పంపిస్తాను.