వంద వచ్చినా ఫెయిలే

ఒరేయ్ మామా,

మీ అక్క కూతురికి పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్పుతున్నానన్నావు కదా, నిన్న రాత్రి జరిగింది నీకు చెప్పాల్సిందే. పదిన్నరకి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు, ఏడుపొక్కటే తక్కువ. నేర్చుకోవడం మొదలుపెట్టి రెండు వారాలు, మొదటిసారి సొంతంగా ఒక ప్రోగ్రాం రాశాడు. పాస్ మార్కు ఎంతో అడుగుతుంది, వచ్చిన మార్కులు అడుగుతుంది, పాసో ఫెయిలో చెబుతుంది, అంతే. పాస్ మార్కు 35 పెట్టి 60 కొడితే పాస్, 20 కొడితే ఫెయిల్, బాగానే ఉంది. 100 కొడితే ఫెయిల్! 9 కొడితే పాస్!

ఎర్రర్ మాత్రం ఒక్కటీ లేదు. అదేరా అసలు కష్టం. ఎర్రర్ వస్తే ఏ లైన్లో ఏం తప్పో అదే చెబుతుంది, ఇలా గప్‌చుప్‌గా తప్పు జవాబిస్తే కొత్తవాళ్ళు ఎక్కడని వెతుకుతారు?

నాకు వినగానే అర్థమైంది, నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. "పోల్చే ఇఫ్ లైనుకి పైన, పాస్ మార్కు, వచ్చిన మార్కులు, ఆ రెండిటి టైప్ ప్రింట్ చేసి చూడు" అన్నాను. రెండూ స్ట్రింగే, అంటే అంకె కాదు, ఉత్త అక్షరాల వరస. "నేను కొట్టింది అంకెలే కదన్నా" అన్నాడు. కొట్టింది అంకెలే, కానీ పైథాన్ 3లో ఇన్‌పుట్ ఏది తెచ్చినా స్ట్రింగ్‌గానే తెస్తుంది. అయినా వంద చిన్నదెలా అయిందని వాడి పట్టు. "డిక్షనరీలో ఆకాశం ముందా, ఈగ ముందా?" అనడిగాను. ఆకాశం అన్నాడు. "అంత పొడుగు మాట ముందెలా వచ్చిందిరా?" కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఒక్క అరుపు, "అన్నా! 100లో మొదటి 1ని తీసుకెళ్ళి 35లో 3తో పోలుస్తోంది, అక్కడే ఆగిపోతోంది!" మామా, ఆ అరుపు కోసం ఎంతసేపైనా ఆగొచ్చురా, నేనే ముందు చెప్పేసుంటే అది వినేవాణ్ణా?

స్ట్రింగ్‌ని అంకెగా మార్చే ఇంట్‌ని మార్కులకి మాత్రం పెట్టి రన్ చేశాడు, ఈసారి టైప్ ఎర్రర్. ఇంటీజర్‌నీ (అంటే అంకెనీ) స్ట్రింగ్‌నీ పోల్చలేనంటోంది. ఆ ఎర్రర్ చివరి లైను నాకు చదివి వినిపిస్తూ మధ్యలోనే ఆగి, పాస్ మార్కుకి కూడా ఇంట్ పెట్టేశాడు. వంద పాసైంది.

నువ్వు కూడా ఆ పిల్ల దగ్గర కీబోర్డు లాక్కోకురా, నీకసలే చెయ్యి ఊరుకోదు.

పన్నెండింటికి మావాడి నుంచి మళ్ళీ మెసేజ్: "అన్నా, అంకె బదులు ‘వంద’ అని టైప్ చేశా, వాల్యూ ఎర్రర్ వచ్చింది. చెప్పకు, నేనే చూస్తా."