ఆ మోసగాడి ఉద్యోగం నాకొచ్చింది

ఒరేయ్ గొడుగూ,

నీ ఉత్తరం ఎప్పుడో వచ్చింది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. ఆలస్యానికి కారణాలు చెప్పగలను గానీ అన్నీ నువ్వు నమ్మని రకమే. క్షేమ సమాచారాలు గబగబా రాసేస్తాను: మోకాలు అలాగే ఉంది, షుగర్ కాస్త తగ్గింది, మనవరాలు పరీక్షలు బాగానే రాశానంటోంది, పైకప్పు కారడం ఆగలేదు. చెల్లెమ్మ కంటి ఆపరేషన్ ఎలా జరిగిందో రాయి. ఇక అసలు సంగతి.

నాకు ఉద్యోగం వచ్చిందిరా. ఈ వయసులో. అదీ ఒక మోసగాడు ఖాళీ చేసిన ఉద్యోగం.

ఫోన్లోనే చెబుదామనుకున్నాను. కానీ నువ్వు స్పీకర్ ఆన్ చేస్తావు, చెల్లెమ్మ వింటుంది, మూడో మాటకే "ఎవర్రా ఆవిడ?" అంటావు. అక్కడితో నా కథ ఆగిపోతుంది. ఉత్తరమైతే నన్ను ఆపలేవు.

మీ చెల్లెలు పోయాక మా అమ్మాయి పోరు పడలేక ఒక చోటికి వెళ్తున్నానని రాశానా? రాయలేదనుకుంటా. నీకు రాస్తే నవ్వుతావని భయం. లైబ్రరీ పైన ఒక హాలుంది. భార్యనో భర్తనో పోగొట్టుకున్నవాళ్లు వారానికోసారి అక్కడ చేరతారు. కుర్చీలు గుండ్రంగా వేసుకుంటాం. రిటైరైన నర్సమ్మ ఒకావిడ నడిపిస్తారు. మొదటిరోజు తలుపు దగ్గర్నించే వెనక్కి తిరగబోయాను. ఆవిడ చూసేసి, "రండి, ఇక్కడ ధైర్యంగా ఉండమని ఎవరూ చెప్పరు" అన్నారు. ఆ ఒక్క మాటకి లోపలికెళ్లి కూర్చున్నాను. అప్పటికే ఆ సలహా ఎంతమంది ఇచ్చారో! చావు కబురు విన్నవాళ్లకి ఏం మాట్లాడాలో తోచదు, నిజమే. తోచకపోతే ఊరుకోవచ్చుగా.

ఒక వారం నర్సమ్మ మా అందరితో ఫోన్లు తీయించారు. "పనేమీ లేకపోయినా మీరు ఎవరికి ఫోన్ చేస్తారో ఆ పేర్లు వెతకండి" అన్నారు. నా ఫోన్లో మోటారు బాగుచేసేవాడు, కరెంటు మనిషి, డాక్టరు, పిల్లలు, నువ్వు. ఇన్నేళ్లూ ఇంటికొచ్చి వెళ్లినవాళ్లు మా ఇద్దరి స్నేహితులనుకున్నాను కదా, వాళ్లంతా మీ చెల్లెలి స్నేహితులురా! పలకరింపులన్నీ ఆవిడే చూసుకునేది. నేను పక్క గదిలోంచి "నేనూ అడిగానని చెప్పు" అనేవాణ్ణి. ఆవిడ పోగానే ఆ రాకపోకలన్నీ ఆగిపోయాయి. కొందరికి పిలవాలనే ఉంటుంది, కానీ జంటగా పిలిచిన మనిషిని ఒక్కణ్ణే పిలవాలంటే మొహమాటం. అక్కడున్న మగాళ్లందరిదీ ఇదే కథ. ఆడవాళ్లకి ఆ విషయంలో కాస్త నయం, మాట్లాడుకోవడానికి ఒకరో ఇద్దరో మిగిలి ఉంటారు.

ఇంకోటి చెప్పాలి. దుఃఖానికి అయిదు దశలుంటాయని నువ్వే కదా నాకు వాట్సాప్‌లో పంపించావు? జరిగింది నమ్మకపోవడం, కోపం, బేరం, కుంగుబాటు, చివరికి ఒప్పుకోలు. అది చదివినప్పట్నించీ నేను అయిదో దశ కోసం స్టాపులో నిలబడి బస్సు కోసం చూసినట్టు చూస్తున్నాను. నర్సమ్మకి చెబితే నవ్వారు. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే డాక్టరమ్మ 1969లో ఆ అయిదూ రాసింది చావుకి దగ్గరపడ్డ రోగుల్ని చూసి. వెనక మిగిలినవాళ్ల మీద అధ్యయనం చేసి కాదు. పైగా అవి అందరికీ వరసగా వస్తాయనీ లేదు. తర్వాత 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అని ఇద్దరు ఇంకోలా చెప్పారట. మనిషి కాసేపు పోయినవాళ్ల వైపు తిరిగి ఏడుస్తాడు, కాసేపు ఇటు తిరిగి బతుకు పనులు చూసుకుంటాడు, మళ్లీ అటు, మళ్లీ ఇటు. ఆ తిరుగుడే కోలుకోవడం. పొద్దున ఏడ్చి సాయంత్రం క్రికెట్ చూస్తే నాకేదో జబ్బు చేసిందనుకునేవాణ్ణి. జబ్బేం కాదటరా.

సరే, అసలు మనిషి దగ్గరికొస్తున్నా. పేరు రాయను. నీకు తెలిస్తే లోకమంతా టాంటాం వేస్తావు. చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ ఉంటుంది కాబట్టి ప్రస్తుతానికి పెన్సిలావిడ. మన లెక్కల మాస్టారు గుర్తొచ్చాడా? నాకూ మొదటిరోజు ఆయనే గుర్తొచ్చి, కాళ్లు వాటంతటవే బెంచీ ఎక్కబోయాయి.

ఆవిడ అన్ని వారాలూ వచ్చి మాట్లాడకుండా వెళ్లిపోయేది. ఆ వారం తనంతట తనే మొదలుపెట్టింది. కూతురు ఫోన్లో ఏదో యాప్ వేసి, "కాలక్షేపానికి నలుగురితో మాట్లాడమ్మా" అందట. రెండో రోజే ఒకడు తగిలాడు. సముద్రం మధ్యలో చమురు తవ్వే చోట ఇంజినీరట. భార్య పోయిందట, ఒక్కతే కూతురట. నర్సమ్మ వెంటనే, "అందరికీ ఆ ఇంజినీరే తగులుతాడమ్మా. లేదా యుద్ధంలో ఉన్న డాక్టరు" అన్నారు. ఎందుకో తెలుసా? అలాంటి చోట ఉన్నానంటే వచ్చి కలవక్కర్లేదు, వీడియోలో మొహం చూపించక్కర్లేదు, సిగ్నల్ లేదనొచ్చు. ముందు ఆ యాప్‌లోంచి వేరే చోటికి మాటలు మారుస్తారు. కొన్ని వారాలు తియ్యగా మాట్లాడతారు. అప్పుడు కస్టమ్స్‌లో ఇరుక్కున్న పార్సిల్ గురించో, కూతురి ఆస్పత్రి ఖర్చు గురించో చెప్పి డబ్బడుగుతారు. తోడు పోయినవాళ్లంటే వాళ్లకి మరీ ఇష్టం. ఇంట్లో అడ్డుచెప్పేవాళ్లుండరు, పైగా మనమే ఫేస్‌బుక్‌లో ఫలానా తేదీన పోయారని రాసి పెడతాం కదా.

పెన్సిలావిడ తెలివైంది. వాడి ఫోటోని ఇంటర్నెట్‌లో వెతికిస్తే అది ఇంకెవరిదో అని తేలింది. ఇక్కడిదాకా చెప్పి ఆగింది. కథ అయిపోయిందనుకుని మేమంతా తలలూపాం. అప్పుడంది: "తెలిశాక కూడా నేను మాట్లాడ్డం మానలేదు."

హాలులో చప్పుడు లేదు.

"డబ్బు పంపలేదు. పంపనని వాడికీ చెప్పాను. కానీ రోజూ పొద్దున్నే 'రాత్రి నిద్ర పట్టిందా?' అని అడిగేవాడు. మా ఆయన పోయాక ఆ మాట అడిగింది వాడొక్కడే. మా పిల్లలు మందులు వేసుకున్నావా అంటారు, అది వేరు." కాసేపాగి, "చివరికి వాడే మానేశాడండీ. ఈవిడ వల్ల లాభం లేదనుకున్నాడేమో" అంది.

ఒరేయ్, నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామని చూశాను. నీకు తెలుసుగా, ఆపుకున్న కొద్దీ నా నవ్వు ముక్కులోంచి వస్తుంది. అందరూ నా వైపు చూశారు. చచ్చాన్రా అనుకున్నాను. ఆవిడ నన్ను ఒక నిమిషం అలా చూసి తనూ మొదలుపెట్టింది. ఇద్దరం కళ్లు తుడుచుకుంటూ నవ్వాం. మీ చెల్లెలు పోయాక నేను అలా నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతుండగానే గుండెలో ఏదో కలుక్కుమంది, అది వేరే సంగతి, తర్వాత రాస్తాను.

మీటింగు అయ్యాక మెట్లు దిగుతుంటే ఆవిడ వెనకనుంచి వచ్చి అడిగింది:

"ఏవండీ, ఆ ఇంజినీరు ఉద్యోగం ఖాళీగా ఉంది. డబ్బడక్కుండా మీరు చేయగలరా?"

నాకు ఏం చెప్పాలో తోచలేదు. నోట్లోంచి వచ్చిన మాట, "జీతం ఎంత?"

"నేనూ మిమ్మల్ని నిద్ర పట్టిందా అని అడుగుతాను. అదే జీతం."

అదిరా సంగతి. ఈ ముక్క చెప్పడానికే ఇంతసేపూ కలం పట్టుకున్నాను. నువ్వనుకునేది మాత్రం కాదు. అక్కడే మెట్ల మీద కూర్చుని, చెవి మీది పెన్సిల్ తీసి, లైబ్రరీ చీటీ వెనక షరతులు రాయించింది. పోయినవాళ్ల గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, కానీ వాళ్లని దేవుళ్లని చేయకూడదట. "మా ఆయన పిసినారి. గురక కూడా. అవీ చెబుతాను" అంది. అయితే మీ చెల్లెలు నాతో చదరంగంలో ఎత్తులు వెనక్కి తీసుకునేదని నేనూ చెప్పొచ్చన్నమాట. మాట్లాడాలని లేనిరోజు "ఇవాళ కాదు" అంటే చాలు, కారణం అడగకూడదు. పిల్లలకి ఎవరి ద్వారానో తెలియకముందే మనమే చెప్పాలి. సంతకాలు కూడా పెట్టాం. నా సంతకం చూసి, "డాక్టరా మీరు?" అంది.

మర్నాడు పొద్దున ఫోన్ పట్టుకుని ఎంత టెన్షన్ పడ్డానో నీకు చెప్పలేను. నిద్ర పట్టిందా అని అడిగాను. "లేదు" అంది. "నాకూ లేదు" అన్నాను. తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలీలేదు. ఆ తెలీకపోవడం కూడా, ఏమిట్రా, బాగుంది.

ఇప్పుడు లెక్క విను. జెఫ్రీ హాల్ అని కాన్సాస్ యూనివర్సిటీలో ఒక ప్రొఫెసరున్నాడు. కొత్తగా పరిచయమైనవాళ్లు ఓ మోస్తరు స్నేహితులవ్వాలంటే కలిసి సుమారు 50 గంటలు గడపాలని, దగ్గరి స్నేహితులవ్వాలంటే 200 గంటలకి పైనే పడుతుందని 2018లో రాశాడు. నర్సమ్మ చెప్పిన ఈ ముక్క పట్టుకుని పెన్సిలావిడ లెక్క కట్టింది. రోజుకి పావుగంట చొప్పున 200 గంటలంటే రెండేళ్ల పైమాటే. "అప్పటిదాకా ఉంటారా మీరు?" అని అడిగింది. షుగర్ తగ్గిందని చెప్పాను. ఆ లెక్కన నీకూ నాకూ 200 గంటలు తొమ్మిదో తరగతిలోనే అయిపోయాయి, అందులో సగం బెంచీ మీద నిలబడి.

పిల్లలకి చెప్పాను. అబ్బాయి చాలా పెద్దమనసుతో, "నాన్నా, పెళ్లి చేసుకుంటానన్నా మాకు అభ్యంతరం లేదు" అన్నాడు. ఆ వెంటనే ఇంటి కాగితాలు ఎక్కడున్నాయని అడిగాడు. ఊరికే అడిగాడట. ఆవిడ అల్లుడు ఇంకా నయం, నా ఆధార్ కార్డు ఫోటో పంపమన్నాడు. చమురు ఇంజినీరు దెబ్బ అది. పంపాను.

పెళ్లి మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. హోమ్స్, రాహె అని ఇద్దరు డాక్టర్లు 1967లో జీవితంలో వచ్చే మార్పులన్నిటికీ మార్కులేశారు, ఏది మనిషిని ఎంత కుదిపేస్తుందో చెప్పడానికి. భార్యో భర్తో పోవడం అన్నిటికన్నా పైన, 100. జైలుకెళ్లడం 63. పెళ్లి చేసుకోవడం 50! ఆ నూరు ఇంకా దిగనేలేదు, మళ్లీ యాభై నెత్తికెత్తుకోమంటాడు మావాడు. అలా అని చేసుకునేవాళ్లని తప్పుపట్టను. మా గుంపులోనే ఒకాయన చేసుకుంటున్నాడు, మొహంలో ఎంత వెలుగొచ్చిందో. నాకు మాత్రం అటు మనసు పోలేదు, అంతే.

అమ్మాయి వేరేలా మాట్లాడింది. ఈ మీటింగులకి పంపిందే అది కదా, సంబరపడుతుందనుకున్నాను. చాలాసేపు ఊరుకుని, "ఆవిడ మనింటికొస్తే అమ్మ కుర్చీలో కూర్చుంటుందా నాన్నా?" అంది. నేను "ఫోన్లో కుర్చీలుండవమ్మా" అన్నాను. అది నవ్వలేదు. అక్కడ ఏం చెప్పాల్సిందో నాకిప్పటికీ తెలీదు. నీకేమైనా తోస్తే రాయి. చెల్లెమ్మనడుగు, ఆవిడకి తోస్తుంది.

ఇందాక కలుక్కుమందన్నాను చూడు, అది కూడా రాసేస్తాను. అంత నవ్వి ఇంటికొచ్చి తాళం తీస్తూ, "ఇవాళ ఏమైందో తెలుసా?" అని పైకే అన్నాను. అనేశాక గానీ ఇంట్లో ఎవరూ లేరని గుర్తురాలేదు. నవ్విన సంగతి ఎవరికి చెప్పాలో ఆ మనిషే లేదు. రాబర్ట్ వైస్ అనే ఆయన ఒంటరితనం రెండు రకాలని 1973లోనే చెప్పాడట. నలుగురూ లేని ఒంటరితనం ఒకటి, ఆ ఒక్కరూ లేనిది ఇంకొకటి. ఒకదానికి వేసిన మందు రెండోదానికి పనిచేయదు. అందుకే నలుగురిలో కూర్చోబెడితే నాకు నయమైపోతుందనుకునేవాళ్ల మీద ఒళ్లు మండేది. ఇప్పుడు మండటం లేదు. మొదటిదానికి మందు దొరికింది. రెండోది ఉంటుంది, ఉండనీ. పెన్సిలావిడకీ ఉంది. ఆ విషయం ఇద్దరికీ తెలుసు కాబట్టే మాట్లాడుకోవడం తేలికగా ఉంది. ఆవిడ వాళ్లాయన ఊసులు చెబుతుంటే నాకు కాస్త... ఏమంటారు దాన్ని, సర్లే, అది ఇంకా నాకే తేలలేదు.

వచ్చే వారం గుంపంతా కలిసి సినిమాకి వెళ్తున్నాం. భార్యతోనో భర్తతోనో తప్ప థియేటర్‌కి వెళ్లనివాళ్లమే అందరం. వరసలో చివరి సీటు ఎవరికీ వద్దు, ఒక పక్క ఖాళీగా ఉంటుందని. దాని గురించి పెద్ద గొడవే జరిగింది. పెన్సిలావిడ తను కూర్చుంటానంది, కానీ నాకో షరతు పెట్టింది. అదేమిటంటే

ఆగు, మావాడు కింద హారన్ కొడుతున్నాడు. వెళ్లేదారిలో పోస్టులో వేస్తాడు. వాడి చేతికిచ్చే ముందు కవరు గట్టిగా అంటించాలి. మిగతాది తర్వాత.

నీ
సగం బెంచీ