రిపేరుకొచ్చిన మీ కంప్యూటర్ సంగతులు మా దగ్గర మిగలకూడదు: సర్వీసులో మార్పులు

మా కస్టమర్లందరికీ నమస్కారం.

కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. సోదాలో యాక్సెస్ కోడ్ దొరక్కపోతే దాన్ని దాటుకుని కంప్యూటర్ తెరిచే అధికారం అందులోని 247వ సెక్షన్ అధికారులకు ఇచ్చింది. ఈమెయిల్, క్లౌడ్ ఖాతాలూ ఇందులోకే వస్తాయి. అప్పటి నుంచి, ముఖ్యంగా ఆడిటర్ ఆఫీసుల వాళ్లు, ఒకటే అడుగుతున్నారు: ప్రభుత్వం మా సిస్టమ్‌లోకి చూడగలదా, మీరేమైనా ఆపగలరా అని.

చూడగలదు. మేం ఆపలేం. ఈ మాట దాచిపెట్టి మీకు ఏ ప్యాకేజీ అమ్మినా అది మోసమే.

ఈ అధికారం నిన్న మొన్న పుట్టింది కాదు. ఐటీ చట్టం (ఆదాయపు పన్నుది కాదు, సమాచార సాంకేతిక చట్టం) 69వ సెక్షన్ కింద కేంద్ర హోం శాఖ 2018 డిసెంబర్ 20న 10 సంస్థలకు అనుమతిచ్చింది. కంప్యూటర్లలో తయారైన, పంపిన, అందుకున్న, నిల్వ ఉన్న ఏ సమాచారాన్నైనా అవి చూడొచ్చు, డీక్రిప్ట్ చేయించవచ్చు, అంటే రహస్య రూపంలో ఉన్నదాన్ని విప్పించవచ్చు. ఐబీ, సీబీఐ, ఎన్‌ఐఏ, ఈడీ, ప్రత్యక్ష పన్నుల బోర్డు అందులో ఉన్నాయి. దేశ భద్రత ఒక్కటే కారణం కానక్కర్లేదు, ఏ నేరం దర్యాప్తుకైనా వాడొచ్చు. అనుమతిచ్చేది కోర్టు కాదు, హోం కార్యదర్శి. రాష్ట్రాల్లో రాష్ట్ర హోం కార్యదర్శి. ఆదేశం 60 రోజులు చెల్లుతుంది, 180 రోజుల దాకా పొడిగించవచ్చు. ఆ ఆదేశాలను సమీక్షించే కమిటీలోనూ అధికారులే ఉంటారు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. ఆ తర్వాత కూడా సంతకం అధికారిదే కావడం మాకు మింగుడుపడని విషయం. లోపల రికార్డులే లేకుండా పోతే సమీక్ష ఏం సమీక్ష? 2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట పోలీస్ స్టేషన్లో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసు మొదలైందే, నిఘా విభాగంలో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్న ఫిర్యాదుతో.

ఇక మా సంగతి. 69వ సెక్షన్ పెద్ద కంపెనీలకే కాదు, కంప్యూటర్ ఎవరి అధీనంలో ఉంటే వాళ్లకూ వర్తిస్తుంది. సహకరించకపోతే ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. 2009 నాటి నిబంధనల ప్రకారం ఆదేశం వచ్చిన సంగతి గోప్యంగా ఉంచాలి. అంటే మీ డేటా అడిగారని మేం మీకు ఫోన్ చేసి చెప్పే వీలుండదు. అందుకే ముందే చెప్తున్నాం: మా దగ్గర ఉన్నది ఇవ్వాల్సి వస్తుంది. లేనిది ఇవ్వలేం. కాబట్టి మా దగ్గర ఏదీ మిగలకుండా చూసుకోవడమే మా చేతిలో ఉన్న పని.

మొదటిది జాబ్ కార్డు. లాప్‌టాప్ తీసుకునేటప్పుడు పాస్‌వర్డ్ అడిగి కార్డు మీద రాసుకోవడం, స్టిక్కర్ మీద రాసి మూతకు అంటించడం ఇన్నాళ్లూ అలవాటు. చాలామందికి మెయిల్‌కీ అదే పాస్‌వర్డ్. ఇకమీదట మేం అడగం. స్క్రీన్, కీబోర్డు, బ్యాటరీ పనులకు పాస్‌వర్డే అక్కర్లేదు, మా పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి పరీక్షిస్తాం. లాగిన్ తప్పనిసరైతే కౌంటర్ దగ్గర మీరే టైప్ చేసి ఒక తాత్కాలిక ఖాతా తెరవండి, డెలివరీ రోజున మీ ఎదుటే తీసేస్తాం. పాత కార్డులన్నీ చింపేశాం.

రెండోది బ్యాకప్. విండోస్ మళ్లీ వేసే ముందు మీ ఫైళ్లు మా హార్డ్ డిస్కులోకి కాపీ చేస్తాం. పని అయ్యాక "ఎందుకైనా మంచిది" అని అవి నెలల తరబడి అలాగే ఉండిపోయేవి. ఇప్పుడు ఆ డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి (కీ లేకుండా చదవలేని రూపంలోకి మార్చి) ఉంటుంది, డెలివరీ అయిన 7 రోజులకు కాపీ పోతుంది. ఎనిమిదో రోజు ఫోన్ చేసి "ఫలానా ఫోల్డర్ కనపడట్లేదు" అంటే మేం చేయగలిగేది ఉండదు. దయచేసి వారంలోపు తెరిచి చూసుకోండి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ట్యాలీ సిస్టమ్‌లకు షాపు నుంచే సర్వీసు చేయడానికి ఎనీడెస్క్ (దూరం నుంచి ఇంకో కంప్యూటర్ నడిపే ప్రోగ్రామ్) వేసి, అన్‌అటెండెడ్ యాక్సెస్‌కు పాస్‌వర్డ్ పెట్టేవాళ్లం. అది ఉంటే మీరు సీట్లో లేకపోయినా మా సిస్టమ్ నుంచి మీ సిస్టమ్ తెరుచుకుంటుంది. మా కంప్యూటర్ ఎవరి చేతిలో పడినా మీ అందరి కంప్యూటర్లూ వాళ్ల చేతిలో పడినట్టే. ఆ పాస్‌వర్డ్ తీసేస్తున్నాం. ఇక మీరు "యాక్సెప్ట్" నొక్కితేనే మేం లోపలికి వస్తాం. క్రాక్ విండోస్, అంటే లైసెన్స్ లేకుండా యాక్టివేటర్ ప్రోగ్రామ్‌తో నడిపించే విండోస్, వేయడం కూడా మానేశాం. ఆ యాక్టివేటర్లలో చాలావాటికి విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆపడమో, తమ ఫోల్డర్‌ను దాని తనిఖీ నుంచి తప్పించడమో కావాలి. ఆ సందులోంచి ఏది దూరినా అలారం మోగదు.

ఇప్పుడు మీ వైపు చేసుకోవాల్సింది. విండోస్ 11 కొత్త లాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయితే డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, దాన్ని తెరిచే 48 అంకెల రికవరీ కీ మీ ఆన్‌లైన్ ఖాతాలోకి చేరుతుంది. కీ కంపెనీ దగ్గరుంటే, చట్టబద్ధమైన ఆదేశం వచ్చినప్పుడు కంపెనీ దాన్ని ఇవ్వగలదు. ఖాతాలోంచి కీ డిలీట్ చేసినంత మాత్రాన సరిపోదు, దాని కాపీ ఇంకెక్కడుందో మనకు కనిపించదు. విండోస్ ప్రో ఉంటే చార్జర్ పెట్టి, బిట్‌లాకర్ (విండోస్‌లోని డిస్కు ఎన్‌క్రిప్షన్) ఆఫ్ చేసి, డీక్రిప్షన్ పూర్తిగా అయ్యేదాకా ఆగండి. మళ్లీ ఆన్ చేసేటప్పుడు కీని ఖాతాలో దాచే ఆప్షన్ వదిలేసి ప్రింట్ ఎంచుకోండి. కొత్త కీ పుడుతుంది, పాతది ఎవరి దగ్గరున్నా పనికిరాదు. ప్రింట్ రెండు కాపీలు తీసి రెండు చోట్ల పెట్టండి, లాప్‌టాప్ బ్యాగులో మాత్రం వద్దు. హోమ్ ఎడిషన్‌లో ఇంత వీలు లేదు, వెరాక్రిప్ట్ అనే వేరే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్ వాడాలి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. బయోస్ (సిస్టమ్ ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసినా, మదర్‌బోర్డు మార్చినా నీలం తెర మీద ఆ 48 అంకెలు అడుగుతుంది. కాగితం పోతే డేటా పోయినట్టే, ఏ రికవరీ సెంటరూ తేలేదు. బయోస్ పనికి ముందు "సస్పెండ్ ప్రొటెక్షన్" నొక్కి, అయ్యాక తిరిగి ఆన్ చేయాలి. ఇంకో సంగతి: మూత మూస్తే సిస్టమ్ నిద్రపోతుందంతే, కీ ర్యామ్‌లో ఉంటుంది. ఆఫీసు మూసేటప్పుడు షట్‌డౌన్ చేయండి. స్టార్టప్‌లో అదనపు పిన్ కూడా పెట్టుకుంటే ఇంకా గట్టి.

నడుస్తున్న సిస్టమ్‌లోకి స్పైవేర్ (దొంగచాటుగా నిఘా పెట్టే ప్రోగ్రామ్) దూరితే ఈ ఎన్‌క్రిప్షన్ ఏదీ అడ్డుకోదు. పెగసస్ అనే ఫోన్ స్పైవేర్ వ్యవహారంలో సుప్రీంకోర్టు వేసిన కమిటీ 29 ఫోన్లు పరీక్షించి, 5 ఫోన్లలో ఏదో మాల్వేర్ ఉందనగలిగింది గానీ అది పెగససేనని తేల్చలేకపోయింది. అంతటి ల్యాబులకే అంత కష్టమైన పని మా కౌంటర్ మీద అరగంటలో అవదు. "స్పైవేర్ చెకప్" పేరుతో మేం డబ్బు తీసుకోం.

పోలీసులు సిస్టమ్ సీజ్ చేస్తే, సోదాను వీడియో తీయాలని 2024 జూలై నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 105వ సెక్షన్ చెబుతోంది. డిస్కు హ్యాష్ విలువ (అందులోని డేటాకు వేలిముద్ర లాంటి సంఖ్య, డేటా మారితే అదీ మారుతుంది) పంచనామాలో రాయమని అడగండి. హ్యాష్ తీయకముందే సిస్టమ్ ఆన్ చేస్తే విండోస్ తనంతట తానే వందల ఫైళ్లు మారుస్తుంది. ఆ తర్వాత ఏది మీరు రాసింది, ఏది తర్వాత వచ్చింది అని నిరూపించడం చాలా కష్టం. మిగతాది మీ వకీలుతో మాట్లాడండి.

ఎనీడెస్క్ పాస్‌వర్డ్ తీయించుకోవడానికి పది నిమిషాలు పడుతుంది, డబ్బు అక్కర్లేదు. సాయంత్రం 5 తర్వాత రండి లేదా ఫోన్ చేయండి. స్క్రీన్ మీద ఎక్కడ నొక్కాలో చెప్తాం, మీరే తీసేయవచ్చు.