22 అడుగుల వీధి మొగ

నెల్లూరు,
ఆదివారం రాత్రి.

ప్రియమైన మిత్రమా,

మీ ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా క్షేమమే. ఇక్కడి మీ ఇంటి పెరట్లోని కొబ్బరిచెట్టుకు పోయిన వారం మనిషిని పెట్టి కాయలు దింపించాను. నీ వాటా మా ఇంట్లో భద్రంగా ఉంది. రెండు ముక్కలు ఫోనులో చెప్పి ఊరుకోదగిన సంగతే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. మన వీధికి పెద్ద ఇబ్బంది రాబోతున్నది, అందులో మీ ప్రహరీ గోడకు కూడా సంబంధం ఉంది, కనుక మొదటి నుంచీ వివరంగా రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

వీధి చివర పాత బియ్యం మిల్లు ఉండేది కదా, ఆ కళ్లంలో ఆరబోసిన ధాన్యం తొక్కుకుంటూ గాలిపటాలు ఎగరేసి మేస్త్రీ చేత మనం తిట్లు తిన్న రోజులు నీకు గుర్తుండే ఉంటాయి. ఆ స్థలం చేతులు మారింది. వేసవిలో చుట్టూ రేకులు పాతారు, తరువాత ఫ్లెక్సీ కట్టారు. రెండు సెల్లార్లు, బళ్లు నిలుపుకోవడానికి స్తంభాల మీద వదిలే స్టిల్టు అంతస్తు, దానిపైన పది అంతస్తులు, మొత్తం 112 ఫ్లాట్లు అని దాని మీద ఉంది. అనుమతి ఇంకా రాలేదు, దరఖాస్తు పరిశీలనలో ఉన్నది. వచ్చిన తరువాత చేయగలిగేది చాలా తక్కువ కనుక, ఇప్పుడే మాట్లాడాలని వీధిలోని నలభై ఇళ్లవాళ్లం కూడబలుక్కున్నాము.

మాకు అపార్ట్‌మెంట్ల మీద కోపమేమీ లేదని ముందుగానే చెబుతున్నాను. మా చెల్లెలి కుటుంబం ఉండేది అపార్ట్‌మెంట్‌లోనే. పెరుగుతున్న ఊరికి ఇళ్లు కావాలి, బెంగళూరు నుంచీ చెన్నై నుంచీ తిరిగి వచ్చే పిల్లలకు కూడా తల దాచుకునే చోటు కావాలి. మా పట్టుదల అంతా ఒక్క విషయం మీదనే ఉంది. ఆ 112 కుటుంబాలు ఇంట్లోంచి బయటికి వచ్చి పెద్ద రోడ్డు ఎక్కడానికి ఉన్న దారి ఎంత వెడల్పో ఎవరైనా వచ్చి కొలిచి చూడాలి. కాగితం మీద మన వీధి 40 అడుగులు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి దరఖాస్తు చేస్తే, గడువైన 30 రోజులలోపే నకళ్లు చేతికి వచ్చాయి. వాటిలో కూడా ఆ మాటే ఉంది.

అందుకని మేమే కొలిచాము. మన వీధిలో రిటైరైన సర్వేయరు గారొకరున్నారు. ఆయన తన పాత టేపు తీసుకొని, బళ్ల రద్దీ మొదలుకాకముందే పొద్దున అయిదున్నరకు బయలుదేరారు. టేపు ఒక కొస నేను పట్టుకున్నాను, రెండో కొస పక్కింటి కుర్రాడు పట్టుకున్నాడు, ఆయన నోటుపుస్తకంలో రాసుకుంటూ నడిచారు. మిల్లు ముందర 38 అడుగులు వచ్చింది, వీధి నడిమధ్యన 31 అడుగులు వచ్చింది. వీధి పెద్ద రోడ్డులో కలిసే మొగలో, ఒకవైపు ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, రెండోవైపు మూత వేసిన సైడు కాలువ, ఆ కాలువను ఆనుకొని మీ ప్రహరీ గోడ ఉన్నచోట, టేపు లాగితే 22 అడుగులు వచ్చింది. ఆయన నమ్మక మూడుసార్లు లాగించారు, మూడుసార్లూ 22 అడుగులే. అక్కడ ఇడ్లీ బండి పెట్టుకునే అవ్వ పొయ్యి వెలిగిస్తూ, "అబ్బయ్యా, నా బండి చోటు కూడా కొలస్తా ఉండారా, తీసేస్తారా ఏంది?" అని భయపడిపోయింది. తీసేయడానికి కాదవ్వా అని చెప్పినా ఆమె ముఖంలో బెదురు పోలేదు. ఆ దిగులు నాకు రోజంతా మనసులో మెదులుతూనే ఉంది, ఎందుకంటే రేపు మొగ వెడల్పు చేయాల్సి వస్తే మొదట కదిలేది ఆమె బండే.

ఎత్తైన భవనాలకు నిబంధనలు లేవా అంటే, ఉన్నాయి. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి 15 మీటర్లు, ఆపైన ఎత్తున్న ప్రతి కట్టడాన్నీ ఎత్తైన భవనంగానే లెక్కిస్తుంది. అటువంటి భవనం ఆనుకొని ఉన్న వీధి 12 మీటర్లకు తగ్గకూడదని, ఆ వీధి ఒక కొస అయినా 12 మీటర్లకు తగ్గని మరో వీధిలో కలవాలని, భవనం చుట్టూ కనీసం 6 మీటర్ల ఖాళీ వదలాలని, అక్కడి నేల 45 టన్నుల ఫైరింజను బరువు మోసేలా ఉండాలని అందులో రాశారు. 12 మీటర్లంటే 39 అడుగుల పైచిలుకు. ఎత్తు పెరిగేకొద్దీ ముందున్న రోడ్డు వెడల్పు కూడా పెరగాలని మన రాష్ట్రంలో 2017లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. అయితే చిక్కు ఎక్కడ వస్తుందంటే, స్థల యజమాని తన హద్దులో ముందు భాగం కొంత రోడ్డు విస్తరణకు వదిలేస్తాడు, ఆ స్థలం ముందర రోడ్డు నిండుగా కనబడుతుంది, కాగితం మీద లెక్క సరిపోతుంది. ఆ స్థలానికి ఇరవై గజాల అవతల మాత్రం రోడ్డు ఎప్పటిలాగే సన్నగా ఉండిపోతుంది. కప్పను మింగిన పాము ఎలా ఉంటుందో రోడ్డు అలా తయారవుతుంది. మంటలంటూ లేస్తే ఫైరింజను ఆ ఉబ్బెత్తు భాగంలోకి పైనుంచి దిగిరాదు కదా, పాము మెడలోంచే దూరి రావాలి.

కొలతతో ఆగకుండా బళ్లను కూడా లెక్కపెట్టాము. మా వరండాలో కుర్చీలు వేసుకొని, పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా, నలుగురం తలా ఒక రకం బండిని పంచుకున్నాము. నాకు ఆటోలు వచ్చాయి. అయిదేసి గీతలకు ఒక కట్ట చొప్పున గీస్తూ పోతే, నోటుపుస్తకంలో పేజీన్నర నిండింది. స్కూలు బస్సు మొగలోకి తిరిగిన ప్రతిసారీ గీతలు గీసే పనే ఉండేది కాదు, ఎందుకంటే అటూ ఇటూ ఏ బండీ కదిలేది కాదు. ట్రాఫిక్ ఇంజనీర్లు బళ్లన్నిటినీ ఒకే కొలతలోకి తెచ్చి, కారును ఒక యూనిట్‌గా పెట్టుకొని, మిగతావాటిని దానితో పోల్చి లెక్కగడతారని సర్వేయరు గారు చెప్పారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ప్రకటించిన పట్టణ రోడ్ల మార్గదర్శకాల్లో, ఇళ్ల గేట్లు నేరుగా రోడ్డు మీదికి తెరుచుకొని, పక్కన బళ్లు ఆగి ఉండే రెండు వరుసల రోడ్డుకు గంటకు 900 యూనిట్లు తగినవని ఉందట. మన వీధి మొగలో రెండు వరుసలు ఎక్కడున్నాయి? ఒక బస్సు వస్తే ఎదుటి బండి వెనక్కి పోవాల్సిందే. ఇంటికొక కారు, ఒక మోటారు సైకిలు చొప్పున వేసుకున్నా, ఆ భవనం నిండిన నాడు అదనంగా రెండు వందలకు పైగా బళ్లు ఈ మొగలోంచే పోవాలి. వాటిలో ఎక్కువ భాగం అదే గంటన్నరలో, బడివేళకూ ఆఫీసు వేళకూ బయలుదేరతాయి.

శ్రావణంలో జరిగిన ఒక సంగతి నీకు చెప్పలేదు, నువ్వు కంగారు పడతావని. మన వెనకింటి పెద్దాయనకు సాయంత్రం ఆరున్నరకు గుండెలో నొప్పి వచ్చింది. 108కు ఫోను చేశారు, బండి త్వరగానే వచ్చింది, కానీ మొగ దగ్గర ఇసుక దించుతున్న లారీ ఒకటి, దాని వెనుక నీళ్ల ట్యాంకరు ఒకటి ఆగి ఉన్నాయి. డ్రైవరు సైరను మోగిస్తూనే ఉన్నాడు. చివరికి పెద్దాయన కొడుకు, నేను, మరో ఇద్దరు కలిసి ఆయనను మడత మంచం మీదే మోసుకొని మొగ దాకా తీసుకుపోయాము. దారిలో ఆయన నా చెయ్యి పట్టుకొని వదలలేదు. దేవుడి దయవల్ల కోలుకున్నారు, ఇప్పుడు సాయంత్రాలు నడుస్తున్నారు కూడా. కానీ ఆ రోజు ఆ సైరను మోత వింటూ మంచం మోసిన నలుగురిలో ఎవరినైనా అడుగు, ఇంకో 112 ఇళ్లు అంటే ఏమంటారో.

సరే, మొగ దాటామనే అనుకుందాం. ఆ తరువాత ఏముంది? మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి వైపు పోవాలి. రైలు పట్టాలు ఊరిని రెండుగా చీల్చాయి కనుక, ఈ పక్క నుంచి ఆ పక్కకు పోవాలంటే మాగుంట లేఅవుట్, రామలింగాపురం, విజయమహల్ గేటు, ఆత్మకూరు బస్టాండు లాంటి చోట్ల ఉన్న దారులే గతి. మనకు వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది, గట్టి వాన ఒక్కటి పడితే ఈ అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలుస్తాయి. అప్పుడు ఒక దారిలో పోవాల్సిన బళ్లన్నీ మరో దారి మీద పడతాయి. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలనూ జాతీయ రహదారినీ కోసేసినప్పుడు, దారి తెగితే ఊరు ఎలా స్తంభించిపోతుందో కళ్లారా చూశాము. రొట్టెల పండుగ వస్తున్నదంటే చాలు, స్వర్ణాల చెరువు చుట్టుపక్కల బళ్లు ఎక్కడ ఆపాలో, ఏ రోడ్డు ఎటు మళ్లించాలో పోలీసులు ముందే నిర్ణయించి ప్రకటిస్తారు. కొద్ది రోజుల పండుగకు అంత ముందుచూపు ఉన్నప్పుడు, ఏడాది పొడుగునా ప్రతి ఉదయం వచ్చే రద్దీకి కూడా అటువంటి ఏర్పాటు ముందే ఉండాలని మేము అడుగుతున్నాము.

వీధిలో అందరూ మాతో ఉన్నారని చెబితే అబద్ధమవుతుంది. అటువైపు వరుసలో ముగ్గురు సంతకం పెట్టలేదు. "స్థలం అంకణం ధర పెరిగితే మనకే కదా సార్ లాభం" అన్నారు ఒకాయన. ఆయన తప్పేమీ లేదు. కూతురి పెళ్లి ముందుంది, ఇల్లు అమ్మే ఆలోచనలో ఉన్నారు. ఆయనతో నేను వాదన పెట్టుకోలేదు. ధర పెరగడానికి కూడా దారి ఉండాలి కదా, కొనేవాడు కారులోనే వస్తాడు, మొగ దగ్గర పావుగంట ఆగిపోతే ఏ ధర చెబుతాడు అని మాత్రం అన్నాను. ఆలోచిస్తానన్నారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది మరొకటి. ఇంత పెద్ద కట్టడం వచ్చేటప్పుడు చుట్టుపక్కల వాళ్లను పిలిచి అడిగే సభ ఏదైనా ఉంటుందని అనుకున్నాను. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లకు చేరితే, 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషను ప్రకారం ముందస్తు అనుమతి తీసుకోవాలి. మన మిల్లు స్థలంలోని కట్టడం ఆ లెక్కకు కాస్త లోపలే ఆగింది. ఒకవేళ చేరినా ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు, భవన నిర్మాణాలకు దాని నుంచి మినహాయింపు ఇచ్చారు. అంటే ఆ దారిలో రోజూ నడిచేవాడిని పిలిచి అడగాలన్న నియమం అందులో లేదు, మనమే వెళ్లి చెప్పుకోవాలి. అందుకే పోయిన సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లి అర్జీ ఇచ్చి, రసీదు తీసుకున్నాము.

ఆ అర్జీలో కట్టవద్దని రాయలేదు. అనుమతి ఇచ్చేముందు స్థలం ముందర మాత్రమే కాక, మిల్లు నుంచి పెద్ద రోడ్డు దాకా వీధి పొడుగునా కొలవాలని, అతి సన్నగా ఉన్నచోటి వెడల్పును బట్టి ఎత్తు నిర్ణయించాలని, బడివేళలో వాహనాల లెక్క తీయించాలని రాశాము. మిల్లుకు వెనకవైపు కాలువ గట్టు దారి ఉంది కదా, దాన్ని బాగుచేసి రెండో గేటు అటు పెట్టిస్తే సగం భారం తగ్గుతుందని సర్వేయరు గారి సలహా; అదీ చేర్చాము. ట్రాన్స్‌ఫార్మర్ జరిపి, మొగ వెడల్పు చేసి, ఇడ్లీ అవ్వకు మరోచోట బండి స్థలం చూపించిన తరువాతే పునాది తవ్వాలని కూడా రాశాము. ఆమె మాట నేనే పట్టుబట్టి రాయించాను.

ఇప్పుడు మీ గోడ సంగతి. నీకు త్వరలో ఫోను వస్తుంది. మీ ప్రహరీ లోపల పది అడుగుల స్థలం కావాలని, మంచి ధర ఇస్తామని ఒక మధ్యవర్తి ఇక్కడ నన్నే అడిగాడు. నీ నంబరు నేను ఇవ్వలేదు కానీ ఎలాగైనా సంపాదిస్తాడు. అమ్మవద్దని నేను చెప్పను. అది మీ నాన్నగారు కట్టుకున్న ఇల్లు, నిర్ణయం నీదే. పైగా ఆ పది అడుగులు రోడ్డులో కలిస్తే వీధికి మేలే. ఒక్క మాట మాత్రం మనసులో పెట్టుకో. ఒక భవనానికి దారి చూపించడానికి వాళ్లకు అమ్మడం వేరు, విస్తరణ కోసం నగరపాలక సంస్థకు రాసిచ్చి దానికి బదులు టీడీఆర్ బాండు, అంటే అదనపు నిర్మాణ హక్కు పత్రం, తీసుకోవడం వేరు. రెండో పద్ధతిలో ఆ నేల అందరి రోడ్డు అవుతుంది. సంతకం పెట్టేముందు తెలిసిన వకీలును అడుగు.

దీనితోపాటు అర్జీ నకలు పంపుతున్నాను. వీధి మొగలో ఇల్లున్నవాడిగా నీ సంతకానికి మా అందరి సంతకాలకంటే బరువు ఎక్కువ. నీకు సమ్మతమైతే ఇంటి నంబరు రాసి, సంతకం చేసి, వచ్చే శనివారంలోగా అందేలా స్పీడ్ పోస్టులో పంపు. సోమవారం మళ్లీ వెళుతున్నాము. కొలతకు గుర్తుగా సర్వేయరు గారు మీ గోడ మీద, గేటుకు ఎడమవైపున, నల్లరంగుతో చిన్న గీత పెట్టి పక్కన 22 అని రాశారు. నిన్ను అడగకుండా రాసినందుకు ఏమీ అనుకోవద్దు, పని అయ్యాక నేనే సున్నం వేయిస్తాను.

నీ మిత్రుడు.